అడవి, తోట, మడి, వెంచర్: భూవినియోగం మట్టిలోని సూక్ష్మజీవుల వైవిధ్యాన్ని ఎంత మార్చిందో విశాఖ పరిసరాల్లో కొలిచే పద్ధతి

కొండ అంచు అడవి కొట్టి జీడితోట వేశారు. తోట తీసి కూరగాయలు పండించారు. ఇప్పుడు అక్కడ వెంచర్ రాళ్లు పాతారు. ఈ మార్పులన్నిటికీ మట్టిలోని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు ఏమయ్యాయో కొలవాలని అడిగేవాళ్లలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థులు, కాలేజీ అధ్యాపకులు, సహజ సాగు చేసే రైతు సంఘాల వాళ్లు ఉంటున్నారు. దాదాపు అందరూ మొదట అడిగేది ‘సీక్వెన్సింగ్ (మట్టిలోని డీఎన్ఏని యంత్రంతో చదివి ఏ జీవులున్నాయో తేల్చడం) ఎక్కడ చేయించాలి?’ అనే.

ఆ ప్రశ్న చివర్లో అడగాలి. అడవి మట్టికీ మడి మట్టికీ మధ్య కనిపించే తేడాకి భూవినియోగమే కారణమా, లేక వాలు, నేల రకం, తేమ, తవ్విన నెల కారణమా అన్నది తవ్వే చోటే తేలిపోతుంది. అక్కడ తప్పితే ఎంత ఖరీదైన యంత్రమూ సరిచేయలేదు. అందుకే ఈ మార్గదర్శిలో సగం చోటు మట్టి తీయకముందు చేయాల్సిన పనులకే ఇచ్చాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

‘భూవినియోగ ప్రభావం’ అంటే ఏదీ తేలదు. ‘పదేళ్లకు పైగా కూరగాయలు పండిస్తున్న మడిలో, పక్కనే ఉన్న అడవి అంచుతో పోలిస్తే, పై 15 సెం.మీ. మట్టిలో బ్యాక్టీరియా రకాలు ఎంత వేరుగా ఉన్నాయి?’ అంటే పని మొదలుపెట్టొచ్చు.

ఈ నాలుగింటిలో మీకు ఏది కావాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఒకదాన్ని కొలిచి ఇంకోదాని పేరు పెట్టడం చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది.

- ఎంత ఉన్నాయి: సూక్ష్మజీవుల మొత్తం రాశి
- ఎన్ని రకాలు, ఏ వాటాల్లో: వైవిధ్యం
- ఎవరెవరు ఉన్నారు: సముదాయం కూర్పు
- ఏం చేస్తున్నాయి: శ్వాసక్రియ, ఎంజైముల చురుకుదనం

2. స్థలాల ఎంపిక: ఎక్కువ సమయం దీనికే పెట్టండి

విశాఖ చుట్టూ ఉన్న చిక్కు ఇది. అడవి కొండ మీద ఉంటుంది, వరి పల్లంలో ఉంటుంది, జీడి, మామిడి మధ్యలో గరువు నేలల్లో ఉంటాయి. కంబాలకొండ పైనుంచి ఒక సంచి, ఆనందపురం మడి నుంచి ఒక సంచి తెచ్చి పోలిస్తే మీరు కొలిచింది వాలునీ, కొట్టుకొచ్చి చేరిన మట్టినీ, తేమనీ. భూవినియోగం వాటి వెనక ఎక్కడో దాక్కుంటుంది.

దీనికి మందు జతలు కట్టడం. కొండ దిగువన అడవి అంచు, దాన్ని ఆనుకుని తోట, తోటను ఆనుకుని మడి ఉన్న చోట్లు వెతకండి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో కొండల పాదాల దగ్గర ఇలాంటివి దొరుకుతాయి. సింహాచలం కొండ వాలుల్లో అనాస, పనస తోటలు అడవిని ఆనుకునే ఉంటాయి. ఒక చోట దొరికిన ఈ రెండు మూడు ప్లాట్లు కలిసి ఒక ‘బ్లాకు’. వాటిలో వాలు, ఎత్తు, రాతి మూలం ఒకటే కావాలి.

రెండూ నిజంగా ఒకే నేలేనా అని తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రెండు ప్లాట్లలోనూ 40–50 సెం.మీ. లోతుకు తవ్వి ఇసుక, బంకమన్ను పాళ్లు, రంగు పోల్చండి. కొన్ని దశాబ్దాల సాగు పై మట్టిని మారుస్తుంది గానీ అంత లోతున ఇసుక, బంక పాళ్లను పెద్దగా మార్చదు. అక్కడ తేడా కనిపిస్తే ఆ జతను వదిలేయండి.

ఎన్ని బ్లాకులు కావాలి? ఒకే జీడితోటలో పదిచోట్ల తవ్వితే పది నమూనాలు వస్తాయి, పది జీడితోటలు రావు. మీ ముగింపు ఆ ఒక్క తోటకే చెల్లుతుంది. రెండు భూవినియోగాలనే జతలుగా పోలుస్తుంటే కనీసం ఆరు జతలు ఉండాలి. దీనికి లెక్క ఉంది: జతలోపలే పేర్లు తారుమారు చేసి చూసే పరీక్షలో అయిదు జతలకు వచ్చే వేర్వేరు అమరికలు (పేర్లన్నీ ఒకేసారి తిరగేసినదాన్ని వేరుగా లెక్కించకుండా) 16 మాత్రమే, అంటే పీ-విలువ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.06 కంటే దిగదు. ఎంత పెద్ద తేడా ఉన్నా, మామూలుగా హద్దుగా పెట్టుకునే 0.05 కిందికి రాదు. ఆరు జతలైతే 32 అమరికలు, విలువ 0.03 దాకా దిగొచ్చు. ఎనిమిది దొరికితే ఇంకా మంచిది.

ఇక్కడి నుంచి ఉదాహరణగా ఆరు బ్లాకులు, ఒక్కోదాంట్లో అడవి అంచు, జీడితోట, కూరగాయల మడి, మొత్తం 18 ప్లాట్లు అనుకుందాం.

విశాఖ పరిసరాల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోట్లు:

- వెంచర్లు, కొత్త పార్కులు. పైన కనిపించేది ఆ ఊరి మట్టి కాకపోవచ్చు, ఏదో కొండ తవ్వి టిప్పర్‌లో తెచ్చి పోసిన గ్రావెల్ కావచ్చు. మెరక చేశారా, ఎంత మందాన పోశారు అని అడగండి. పోసిన మట్టినే కొలుస్తుంటే రిపోర్టులో ఆ మాటే రాయండి.
- అరకు కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, పక్కన పోడు, ఆపైన అడవి ఉంటాయి కనుక అధ్యయనానికి చక్కని చోటు. కానీ ఎత్తు, చలి, వాన అన్నీ వేరు. అరకు ప్లాట్లను అరకు ప్లాట్లతోనే పోల్చండి, భీమిలి జీడితోటతో కాదు.
- తీరం వెంట సరుగుడు తోటలు. ఇసుక నేల, ఉప్పుగాలి. వీటికి జత కూడా ఇసుక నేలలోనే వెతకాలి.
- ఎర్రమట్టి దిబ్బలు. రక్షిత భూవారసత్వ స్థలం. అక్కడ పార దించకండి.

ప్లాటు చరిత్ర కోసం గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి, ఆ నేల ఎప్పుడు తోటగా మారిందో చాలావరకు తెలుస్తుంది. మీభూమిలో అడంగల్ చూడొచ్చు గానీ అడంగల్‌లో ఉన్న పంట, మడిలో ఉన్న పంట ఒకటే కావాలని లేదు. రైతును అడగడమే నయం.

3. అనుమతులు, రైతుతో మాట

కంబాలకొండ అభయారణ్యం. అక్కడ శాస్త్రీయ అధ్యయనానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. రిజర్వు అడవికైనా అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టవద్దు. దేవస్థానం భూమికి దేవస్థానం అనుమతి ఉండాలి. అనుమతులకు నెలలు పడతాయని ముందే లెక్కేసుకోండి. నేవీ కంచెల దగ్గర మాత్రం జీపీఎస్ పట్టుకుని తవ్వకాలు పెట్టుకోకండి, ఊరికి పాతకాపులైన మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

రైతు దగ్గర రాసుకోవాల్సినవి:

- ఈ పంట ఎన్నేళ్లుగా? అంతకు ముందు ఏముండేది?
- గెత్తం, యూరియా, సున్నం చివరిసారి ఎప్పుడు, ఎంత వేశారు?
- పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు చివరిసారి ఎప్పుడు కొట్టారు?
- నీళ్లు బోరువా, చెరువువా, గెడ్డవా?
- చివరి దుక్కి ఎప్పుడు? చెత్త తగలబెట్టారా?

ఫలితం వచ్చాక వాళ్ల నేల పీహెచ్, సేంద్రియ కర్బనం అంకెలు వాళ్లకి తిరిగి చెబుతానని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

4. ఎప్పుడు తీయాలి

ఏప్రిల్, మే ఎండల్లో ఎండిపోయిన మట్టికీ ఆగస్టు తడి మట్టికీ ఉన్న తేడా, భూవినియోగాల మధ్య ఉన్న తేడాని మింగేయగలదు. అందుకే 18 ప్లాట్లూ వారం లోపల పూర్తిచేయాలి. ఒక బ్లాకులోని మూడు ప్లాట్లు ఒకే రోజు కావాలి. సోమవారం అడవులన్నీ, శుక్రవారం మడులన్నీ అని పెట్టుకుంటే తేడా భూవినియోగానిదో తీసిన రోజుదో చెప్పలేరు.

నైరుతి వానల మధ్య తెరిపి దొరికితే సెప్టెంబరు మంచి సమయం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను బెడద ఉంటుంది. భారీ వాన పడితే కనీసం నాలుగైదు రోజులు ఆగండి. గెత్తం, యూరియా వేసి మూడు నాలుగు వారాలు కాని మడిని వాయిదా వేయండి. వీలైతే ఫిబ్రవరిలో అవే ప్లాట్లలో రెండోసారి తీయండి. ఒక్క కాలంలో కనిపించిన తేడా రెండో కాలంలోనూ నిలిస్తే నమ్మకం పెరుగుతుంది.

5. సంచి సర్దుకోవడం

- మట్టి ఆగర్ (నేలలోకి దింపి మట్టి తీసే గొట్టపు పనిముట్టు), లేదా అంచు పదును పెట్టిన అంగుళంన్నర జీఐ పైపు ముక్క, సుత్తి
- 15 సెం.మీ. దగ్గర గీత పెట్టిన స్కేలు
- 70 శాతం ఆల్కహాల్, దూది, చేతి తొడుగులు
- శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లు, ప్లాటుకి ఒకటి
- జిప్ కవర్లు, నమూనాకి రెండేసి
- పెన్సిలు, కాగితం చీటీలు. ఆల్కహాల్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది. చీటీని రెండు కవర్ల మధ్య పెట్టండి.
- ఐస్ బాక్సు, ఐస్ ప్యాకులు
- సాంద్రత కొలవడానికి ఘనపరిమాణం తెలిసిన ఉక్కు గొట్టం
- జీపీఎస్ ఉన్న ఫోను, నోటుబుక్కు

6. మట్టి తీసే వరస

1) ప్లాటు మధ్యలో 10 మీటర్ల చదరం గుర్తించండి. గట్టు, కాలిబాట, గెత్తం కుప్ప, చెట్టు మొదలు, మంట పెట్టిన చోటు నుంచి దూరంగా ఉండాలి.

2) ఆగర్‌ని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ఆ ప్లాటులోనే ఒకసారి దింపి, వచ్చిన మట్టి పారేయండి. పక్క ప్లాటు మట్టి ఏమైనా అంటుకుని ఉంటే దాంతోనే పోతుంది.

3) పైన రాలిన ఆకుల్ని పక్కకి తీయండి. మట్టిని గోకకండి.

4) చదరంలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల 0–15 సెం.మీ. లోతు తీయండి. తోటలో సగం చెట్ల కింద, సగం వరసల మధ్య. మడిలో సగం బోదె మీద, సగం కాలువలో. ఈ పాళ్లు అన్ని బ్లాకుల్లోనూ ఒకేలా ఉండాలి.

5) అన్నిటినీ బకెట్లో బాగా కలిపి అరకిలో తీసుకోండి. ఇదే ఆ ప్లాటు నమూనా.

6) డీఎన్ఏ కోసం అందులోంచి 10 గ్రాముల్ని అక్కడికక్కడే చిన్న గొట్టంలో వేసి ఐసులో పెట్టండి.

7) సాంద్రతకు ఉక్కు గొట్టంతో వేరేగా మూడు చోట్ల తీయండి.

8) ఖాళీ గొట్టం ఒకటి మూత తీసి, కాసేపు గాలికి ఉంచి, మూత పెట్టి తెచ్చుకోండి. అది మీ ‘ఫీల్డ్ బ్లాంక్’, మట్టి నుంచి కాక బయటి నుంచి ఏ డీఎన్ఏ చేరిందో దాంట్లో తెలుస్తుంది.

ఐస్ బాక్సు కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచి భోజనానికి వెళ్లకండి. విశాఖ ఉక్కపోతలో బాక్సు లోపల ఏం జరుగుతుందో థర్మామీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది.

7. ల్యాబుకి చేరిన రోజే

రాళ్లు, వేళ్లు ఏరి 2 మి.మీ. జల్లెడ పట్టండి, జల్లెడని ప్రతి నమూనాకీ మధ్య కడిగి ఆల్కహాల్‌తో తుడవండి. వరి మడి బంకమట్టి జల్లెడలో దిగకపోతే చేత్తో చిదిపి 4 మి.మీ. జల్లెడ వాడండి, అయితే అన్నిటికీ అదే వాడాలి.

ఆ తర్వాత మూడు భాగాలు చేయండి:

- డీఎన్ఏ భాగం (ప్లాటులోనే ఐసులో పెట్టిన గొట్టం): మైనస్ 80 డిగ్రీల్లో. అది లేకపోతే మైనస్ 20, కానీ కరిగించి మళ్లీ గడ్డ కట్టించవద్దు.
- ప్లేట్లు (సూక్ష్మజీవుల్ని పెంచే పళ్లేలు), శ్వాసక్రియ భాగం: 4 డిగ్రీల్లో. కాలనీల (ప్లేటు మీద పెరిగి కంటికి కనిపించే గుంపుల) లెక్క రెండు మూడు రోజుల్లోనే మొదలుపెట్టాలి.
- రసాయన పరీక్షల భాగం: నీడలో ఆరబెట్టాలి.

8. మట్టి గుణాలు కొలవకుండా ముందుకెళ్లవద్దు

తేమ (105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు), పీహెచ్ (ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు), లవణత, సేంద్రియ కర్బనం (వాక్లీ–బ్లాక్ పద్ధతి), ఇసుక–బంక పాళ్లు, సాంద్రత. ఇవి కనీసం.

వీటన్నిటిలో పీహెచ్ కీలకం. బ్యాక్టీరియా వైవిధ్యంతో గట్టిగా ముడిపడిన మట్టి గుణం అదేనని ప్రపంచంలో చాలా చోట్ల తేలింది. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. మడిలో సున్నం వేయడం వల్లో, బోరు నీళ్ల వల్లో పీహెచ్ పెరిగి ఉంటే అది భూవినియోగ ప్రభావంలో భాగమే. గణితంలో పీహెచ్‌ని ‘తీసేస్తే’ మీరు వెతుకుతున్న ప్రభావాన్నే తీసేసినట్టు. ముందు నుంచే నేల వేరైతే మాత్రం అది ప్రభావం కాదు, జత కట్టడంలో తప్పు. లోతు మట్టి పరీక్ష, రైతు చెప్పిన చరిత్ర ఇక్కడ అక్కరకొస్తాయి.

9. తక్కువ ఖర్చు దారి: ప్లేట్లు, శ్వాసక్రియ

కాలేజీ ల్యాబుకి ఇది చాలు, అయితే హద్దు తెలుసుకోవాలి. మట్టిలోని బ్యాక్టీరియాలో అతి కొద్ది వంతే మన అగర్ (ప్లేట్లలో పోసే జెల్లీలాంటి ఆహారం) మీద పెరుగుతుంది. కాబట్టి కాలనీల లెక్క సంఖ్య చెబుతుంది, వైవిధ్యం గురించి చాలా తక్కువే చెబుతుంది. నాలుగు రంగుల కాలనీలు చూసి నాలుగు జాతులని రాయవద్దు.

10 గ్రా. మట్టిని 90 మి.లీ. సెలైన్ (0.85 శాతం ఉప్పునీరు)లో అరగంట కుదపండి. అక్కడి నుంచి పదేసి రెట్లు పలుచన చేస్తూ వెళ్లండి. బ్యాక్టీరియాకి ఆర్‌2ఏ లేదా పలుచని న్యూట్రియంట్ అగర్, శిలీంధ్రాలకు యాంటీబయోటిక్ కలిపిన రోజ్ బెంగాల్ అగర్, యాక్టినోమైసీట్లకు (దారాల్లా పెరిగే బ్యాక్టీరియా గుంపు) స్టార్చ్ కేసీన్ అగర్. ఒక్కో పలుచనకు మూడు ప్లేట్లు, 28 డిగ్రీల్లో. 30 నుంచి 300 బ్యాక్టీరియా కాలనీలున్న ప్లేట్లనే లెక్కించండి.

లెక్క ఇలా: 10 వేల రెట్లు పలుచన గొట్టం నుంచి 0.1 మి.లీ. పూస్తే 84 కాలనీలొచ్చాయి. తడి మట్టి గ్రాముకి 84 × 10 × 10,000 = 84 లక్షలు. పొడి మట్టి 100 గ్రాములకు తేమ 20 గ్రాములుంటే, ఒక గ్రాము తడి మట్టిలో పొడి మట్టి 0.833 గ్రాములే. 84 లక్షల్ని దాంతో భాగిస్తే పొడి గ్రాముకి సుమారు 1.01 కోట్లు. ఈ సవరణ చేయకపోతే తడి మడికి అన్యాయం జరుగుతుంది.

శ్వాసక్రియకు 50 గ్రా. మట్టిని మూత బిగిసే సీసాలో పెట్టి, పక్కన చిన్న బీకరులో సోడియం హైడ్రాక్సైడ్ ఉంచండి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ని అది పీల్చుకుంటుంది. మట్టి లేని సీసా ఒకటి బ్లాంకుగా పెట్టండి. తర్వాత బేరియం క్లోరైడ్ కలిపి, ఫినాఫ్తలీన్‌తో ఆమ్ల టైట్రేషన్ చేయండి. వెలువడిన కర్బనం మిల్లీగ్రాముల్లో = (బ్లాంకు మి.లీ. − నమూనా మి.లీ.) × ఆమ్లం నార్మాలిటీ × 6. ఎండిన మట్టిని తడిపిన వెంటనే శ్వాస ఒక్కసారిగా ఎగుస్తుంది. తేమ సరిచేసి వారం ఆగి కొలవండి.

10. డీఎన్ఏ దారి

వైవిధ్యమే మీ ప్రశ్న అయితే ఇది తప్పదు. మట్టి కోసం తయారైన కిట్, పూసలతో గట్టిగా కుదిపే అంచె ఉన్నది వాడండి. ప్రతి ప్లాటుకీ రెండు మూడు సార్లు విడివిడిగా తీసి కలిపేయడం మంచిది, పావు గ్రాము మట్టి ఒక ప్లాటుకి ప్రతినిధి అనుకోవడం కష్టం.

నమూనాల వరస కలగాపులగం చేయండి. అడవివన్నీ ఒక రోజు, మడివన్నీ మరో కిట్‌తో మరో రోజు తీస్తే కిట్ తేడా భూవినియోగ తేడాలా కనిపిస్తుంది.

ఎర్రమట్టిలోని బంక, ఇనుము డీఎన్ఏని పట్టుకుంటాయి, దిగుబడి తక్కువ రావచ్చు. అడవి నల్లమట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ని (డీఎన్ఏ ముక్కకి లక్షల కాపీలు తీసే అంచెని) అడ్డుకుంటాయి. డీఎన్ఏ శుద్ధతను కాంతి శోషణతో చూపే 260/280 నిష్పత్తి 1.8 దగ్గరున్నా 260/230 బాగా తక్కువైతే అదే కారణం కావచ్చు. పదిరెట్లు పలుచన చేసి మళ్లీ చూడండి.

సీక్వెన్సింగ్ సంస్థకి పంపే ముందు అడిగి రాయించుకోండి:

- బ్యాక్టీరియాను గుర్తుపట్టే 16ఎస్ జన్యువులో ఏ భాగం (వీ4 లేదా వీ3–వీ4), శిలీంధ్రాలను గుర్తుపట్టే ఐటీఎస్ డీఎన్ఏలో ఏ భాగం, ఆ భాగాన్ని ఎంచి పట్టే ప్రైమర్లు ఏవి
- నమూనాకి కనీసం ఎన్ని రీడ్లు, అంటే యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు (30 వేల నుంచి 50 వేలు అడగండి)
- ఫీల్డ్ బ్లాంకు, డీఎన్ఏ కిట్ బ్లాంకు, పీసీఆర్ బ్లాంకు, కూర్పు తెలిసిన మాక్ నమూనా కూడా అదే రన్‌లో వేస్తారా
- శుద్ధిచేయని ముడి ఫైళ్లు ఇస్తారా

చివరిదానికి కాదంటే వేరే సంస్థ చూసుకోండి. రంగురంగుల చార్టులు మాత్రమే ఇస్తే రేపు ఎవరైనా ప్రశ్న వేసినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

11. లెక్కలు

క్యూఐఐఎంఈ 2 (QIIME 2) సాఫ్ట్‌వేర్‌లోనో, ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో డాడా2 (DADA2) తోనో రీడ్లు శుద్ధిచేయండి. బ్యాక్టీరియా పేర్లకు సిల్వా, శిలీంధ్రాలకు యునైట్ డేటాబేస్. మొక్కల క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా రీడ్లు తీసేయండి. బ్లాంకుల్లో ఏముందో తప్పక చూడండి.

రీడ్లు ఎక్కువున్న నమూనాలో రకాలు ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి అన్నిటినీ ఒకే రీడ్ల సంఖ్యకు తగ్గించి పోల్చండి. రకాల సంఖ్యతోపాటు షానన్ సూచిక (రకాల సంఖ్యనీ, వాటాలు ఎంత సమానమో దాన్నీ కలిపి చూపే అంకె) చూడండి. నాలుగు రకాలు సమానంగా ఉంటే షానన్ 1.39. అవే నాలుగులో ఒకటి 97 శాతం, మిగతావి ఒక్కో శాతం అయితే 0.17. రకాలు మారలేదు, సూచిక పడిపోయింది. రెండూ రాయకపోతే కథ సగమే తెలుస్తుంది.

చాలామందిని ఆశ్చర్యపరిచేది ఇక్కడే వస్తుంది. మడిలో షానన్ అడవి కంటే ఎక్కువ రావచ్చు. ప్రయోగం చెడిందని కంగారుపడకండి, అడవిని నరికితే మంచిదనీ రాయకండి. అమెజాన్‌లో అడవిని పశువుల మేతభూమిగా మార్చిన చోట జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో ఒక్కో చోట రకాలు పెరిగాయి గానీ చోటుకీ చోటుకీ మధ్య తేడా తగ్గింది, ఆ అడవికే పరిమితమైనవి పోయి అంతటా దొరికేవి పరుచుకున్నాయి. కాబట్టి మీ ఆరు అడవి ప్లాట్లు ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయి, ఆరు మడులు ఎంత వేరుగా ఉన్నాయి అన్నది విడిగా లెక్కించండి.

కూర్పు పోల్చడానికి బ్రే–కర్టిస్ దూరాలు (రెండు నమూనాల కూర్పు ఎంత వేరో చెప్పే అంకె), ఆ దూరాలు భూవినియోగాన్ని బట్టి మారాయా అని పేర్లు తారుమారు చేసి చూసే పర్మనోవా పరీక్ష. తారుమారు చేయడం బ్లాకు లోపలే జరిగేలా పెట్టండి. పర్మనోవా తేడా చూపితే, అది గుంపుల సగటు కూర్పులో తేడానా, గుంపు లోపల ప్లాట్లు ఎంత చెదిరి ఉన్నాయన్న తేడానా అని డిస్పర్షన్ పరీక్షతో చూడండి.

ఈ రీడ్లన్నీ వాటాలే, అసలు సంఖ్యలు కావు. ఒక గుంపు వాటా తగ్గిందంటే అది తగ్గిందని కాదు, ఇంకోటి పెరిగి ఉండొచ్చు. సంఖ్య గురించి మాట్లాడాలంటే క్యూపీసీఆర్ (జన్యువు కాపీలెన్నో లెక్కించే పీసీఆర్) గానీ, సూక్ష్మజీవుల కర్బనం గానీ కొలిచి ఉండాలి.

12. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు

*బ్లాంకులోనూ బోలెడు రీడ్లు వచ్చాయి.* ఏ జాతులో చూడండి. నమూనాల్లో అవి అరుదైతే ఆ జాతుల్ని తీసేసి, తీసేశామని రాయండి. నమూనాల్లోనూ అవే పెద్ద వాటా అయితే డీఎన్ఏ మళ్లీ తీయాలి.

*ఒక బ్లాకు మిగతావాటికి విరుద్ధంగా ఉంది.* గ్రాఫు అందంగా లేదని దాన్ని తొలగించవద్దు. ముందు నోటుబుక్కు తీయండి: బోరు నీటి ఉప్పు, ఇటీవలి మంట, పోసిన గ్రావెల్, ఏదో ఒకటి బయటపడుతుంది. కారణం దొరికితే ఆ బ్లాకుతోనూ, అది లేకుండానూ ఫలితం చూపండి.

*తేడా ఏమీ రాలేదు.* ప్లాట్లు తక్కువై కనిపించలేదా, నిజంగానే లేదా అన్నది వేరు చేయండి. తేడా పరిమాణం, దాని విశ్వాస అవధి (అసలు తేడా ఉండగల హద్దులు) ఇవ్వండి. చచ్చిన జీవుల డీఎన్ఏ మట్టిలో చాలాకాలం నిలుస్తుంది కనుక ఈమధ్యే మారిన నేలలో పాత సముదాయం నీడ ఇంకా కనిపించవచ్చు. అయిదేళ్లు కూడా నిండని ప్లాట్లను పాతవాటితో కలిపేయకండి.

*ఒక నమూనాలో రీడ్లు మరీ తక్కువ.* దానికోసం అన్నిటినీ ఆ రీడ్ల సంఖ్యకు దించవద్దు. మిగిలిన డీఎన్ఏతో మళ్లీ చేయించండి. అందుకే తొలిరోజు తీసిన భాగంలో సగం ఎప్పుడూ ఫ్రీజర్‌లో ఉంచుకోవాలి, దాని చీటీ మీద తేదీ, ప్లాటు నంబరు, లోతు ఉండాలి.